రాతిలోని రంపము

రష్యా దేశమున ఉరల్ పర్వతములకు పడమటి దిక్కున క్రాస్నోఉఫిమ్స్క్ అను పట్టణము కలదు. పందొమ్మిదవ శతాబ్దము ముగియుచున్న దినములలో ఆ పట్టణ పరిసరములందలి రాళ్లలో కొన్ని వింత శిలాజములు బయల్పడెను. శిలాజము అనగా పూర్వము జీవించిన ప్రాణి యొక్క దేహభాగము గాని, దాని గుర్తు గాని రాతిలో నిలిచిపోయిన రూపము. ఈ శిలాజములు జంతికల చుట్టవలె సుడులు తిరిగి యుండెను. ప్రతి సుడికిని వెలుపలి అంచున పదునైన దంతములు వరుసగా నిలిచి యుండెను. బెస్సోనోవ్ అను నతడు వానిని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరమునందున్న అలెగ్జాండర్ కార్పిన్స్కీ అను భూగర్భ శాస్త్రజ్ఞునకు పంపెను.

కార్పిన్స్కీ రష్యా దేశపు భూగర్భ శాస్త్రమునకు పునాదులు వేసినవారిలో ముఖ్యుడు. 1917 మొదలు 1936లో మరణించువరకు ఆయన ఆ దేశపు విజ్ఞాన పరిషత్తునకు అధ్యక్షుడుగా నుండెను. ఆయన తనకు చేరిన రాళ్లను మిక్కిలి ఓర్పుతో పరిశీలించెను. సుడి నడుమనున్న దంతములు చాల చిన్నవి. వెలుపలికి పోవుకొలది అవి క్రమక్రమముగా పెద్దవగుచుండెను. ఒక్కొక్క దంతపు అంచును చూచినచో అదియు చిన్న రంపమువలె సన్నని కక్కులు గలిగి యుండెను. ఇట్టి దంతములు ఒకే సుడియందు నూటికి పైగా కలవు. అవి విడివిడిగా లేవు. అన్నియు ఒకే పీఠముపై అతుకుకొని, మూడు చుట్లకు మించి తిరిగియుండెను. 1899లో కార్పిన్స్కీ ఈ వివరములను చిత్రములతో గూడ ప్రకటించి, ఆ ప్రాణికి హెలికోప్రియాన్ అని పేరు పెట్టెను. గ్రీకు భాషలో దీనికి సుడి తిరిగిన రంపము అని యర్థము. తనకు శిలాజములను పంపిన బెస్సోనోవ్ పేరును గూడ ఆయన ఆ జాతి నామమున చేర్చెను.

సుడి తిరిగిన శిలాజములు లోకమునకు క్రొత్తవి కావు. మన యిండ్లలో పూజింపబడు సాలగ్రామములు నేపాళమునందలి గండకీ నదిలో దొరకును. వానిలో పెక్కింటి లోపల కానవచ్చు చక్రపు గుర్తులు, పూర్వకాలపు సముద్రములో నివసించిన అమ్మోనైట్ అను ప్రాణి యొక్క గుల్లలే. హెలికోప్రియాన్ సుడి కూడ దూరమునుండి చూచిన కన్నులకు అట్టి గుల్లవలెనే తోచును. కాని గుల్ల వేరు, దంతము వేరు. దంతము లోపలి పదార్థమును, దానిపైనున్న గట్టి పూతను పరీక్షించి చూడగా ఇది నిస్సంశయముగా చేప దంతమే యని తేలెను. అందును సొరచేపల వంశమునకు చేరువైన చేప యొక్క దంతమని శాస్త్రజ్ఞులు గుర్తించిరి.

ఇంతవరకు చిక్కు లేదు. అసలు చిక్కు ఇక్కడ మొదలయ్యెను. ఆ చేప యేది? దాని తల యెట్లుండెను? దాని ఒడలు యెట్లుండెను? అన్నింటికన్న ముఖ్యముగా, ఈ రంపపు చుట్ట దాని దేహమున ఏ తావున నుండెను? దొరికిన రాళ్లలో చుట్ట మాత్రమే కలదు. తల లేదు, వెన్నెముక లేదు, తోక లేదు.

దేహము దొరకకపోవుటకు కారణము కలదు. బొచ్చె, కొర్రమీను మొదలగు చేపల కంకాళము గట్టి యెముకతో నిర్మితమైనది. సొరచేపలకును వాని బంధువులకును అట్టి యెముక లేదు. వాని కంకాళము మృదులాస్థితో ఏర్పడినది. మన ముక్కు కొనను, చెవి డొప్పను వంచి చూచినచో మృదులాస్థి యెంత మెత్తనిదో తెలియును. చచ్చిన చేప సముద్రపు అడుగునకు చేరిన పిమ్మట మాంసమువలెనే ఈ మృదులాస్థియు సామాన్యముగా కుళ్లి నశించును. దంతములు మాత్రము గట్టివి గనుక మిగులును. ఇందువలననే భూమి పొరలలో సొరచేపల దంతములు విరివిగా దొరకును గాని, వాని పూర్ణదేహములు దొరకుట యరుదు.

మరియొక సందేహము కూడ శాస్త్రజ్ఞులను బాధించెను. సొరచేపకు దంతములు ఊడుచుండును. వెనుకనున్న వరుసలోనివి ముందునకు వచ్చి ఖాళీ స్థలమును నింపుచుండును. ఒక్క సొరచేప తన జీవితకాలమున వేలకొలది దంతములను పోగొట్టుకొనవచ్చును. హెలికోప్రియాన్ దంతములలో ఒక్కటియు ఊడినట్లు లేదు. పాత దంతములన్నియు చుట్ట లోపల భద్రముగా నున్నవి. పనికిరాని పాత పనిముట్లను పారవేయక ఒకచోట దాచుకొను శిల్పివలె ఈ చేప తన దంతములన్నింటిని ఏల దాచుకొనెను? నోటిలో ఇంత పెద్ద చుట్ట యుండినచో నోరు మూయుట యెట్లు? ఆహారము మ్రింగుట యెట్లు?

కార్పిన్స్కీ తొలుత ఈ చుట్ట చేప పై దవడ కొననుండి బయలుదేరి, ఏనుగు తొండమువలె పైకి చుట్టుకొని యుండెనని యూహించెను. ముక్కుపై రంపము గల చేప యనగా నవ్వు రావచ్చును. కాని ఆ యూహకు ఆధారము లేకపోలేదు. నేటి సముద్రములలో సైతము పొడవైన మూతికి ఇరువైపుల దంతములు గల రంపపుమూతి చేపలు కలవు. మూతిపై ఆయుధము ధరించిన చేపలు ఇప్పుడున్నప్పుడు, పూర్వము ఏల ఉండరాదు?

ఇతర శాస్త్రజ్ఞులు ఈ యూహను వెంటనే ప్రశ్నించిరి. అట్టి బరువైన చుట్టను ముక్కుపై మోయుచు చేప యీదుట యెట్లని వారడిగిరి. కొందరు ఆ చుట్ట వీపుపైనుండు ఈతరెక్కకు ముందు నిలిచిన ముల్లు కావచ్చుననిరి. కొన్ని సొరచేపలకు ఈతరెక్క ముందు గట్టి ముల్లుండుట వారికి తెలియును. కొందరు దానిని తోకకు తగిలించిరి. తోకపై ముల్లు గల చేపలును లోకమున కలవు. మరికొందరు అది క్రింది దవడ కొననుండి వ్రేలాడుచు లోనికి చుట్టుకొని యుండెననిరి. కార్పిన్స్కీ కూడ తన మొదటి చిత్రమును పట్టుకొని కూర్చుండలేదు. తరువాతి కాలమున ఆయనయే చుట్టను ఈతరెక్కలపై ఉంచి చూచెను.

ఇట్లు ఒకే రంపపు చుట్ట ముక్కునుండి వీపునకు, వీపునుండి తోకకు, తోకనుండి గడ్డమునకు ప్రయాణము చేసెను. గ్రుడ్డివారు ఏనుగును తడవి చూచిన కథ అందరికిని తెలిసినదే. తొండము తాకినవాడు ఒకటి చెప్పెను, కాలు తాకినవాడు మరియొకటి చెప్పెను. హెలికోప్రియాన్ విషయము దానికన్న కష్టమైనది. ఆ కథలో ఏనుగు ఎదుట నిలిచి యుండెను. ఎవరికైనను కన్నులుండినచో చూడగలిగి యుందురు. ఇక్కడ ఏనుగు లేదు. తొండమొక్కటే మిగిలినది. కన్నులున్నవారికి సైతము ఊహయే శరణ్యమయ్యెను. కనుక ఆనాటి శాస్త్రజ్ఞులు తెలివితక్కువ వారని తలపరాదు. ప్రతివాడును తనకు తెలిసిన సజీవమైన చేపను ఆధారముగా గొనియే తన చిత్రమును గీసెను. లోపము వారి బుద్ధిలో లేదు. లోపము వారి యెదుటనున్న సాక్ష్యములో నుండెను.

ఈలోపున ఇతర దేశములందును ఈ చుట్టలు బయల్పడుచుండెను. వాస్తవమునకు కార్పిన్స్కీ కంటె ముందే, 1886లో, హెన్రీ ఉడ్వర్డ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పశ్చిమ ఆస్ట్రేలియాలోని గాస్కోయిన్ నది ప్రాంతమున దొరికిన అట్టి శిలాజమును వర్ణించి యుండెను. కాని అది చుట్టలో ఒక ముక్క మాత్రమే యగుటచే, దాని నిజరూపము తెలియక, ఆయన దానిని వేరొక చేపకు చెందినదిగా నెంచెను. రష్యాలోని పూర్తి చుట్ట వెలువడిన పిమ్మటనే ఆస్ట్రేలియా ముక్క కూడ ఇదే వంశమునకు చెందినదని తెలిసెను. తరువాత చైనా, జపాన్, కెనడా, మెక్సికో, అమెరికా సంయుక్త రాష్ట్రములు మొదలగు చోట్లను హెలికోప్రియాన్ దొరికెను. ఈ చేప జీవించిన కాలమును పెర్మియన్ యుగమందురు. అది సుమారు 29 కోట్ల సంవత్సరములకు పూర్వము మొదలుకొని 27 కోట్ల సంవత్సరములకు పూర్వము వరకు సముద్రములలో సంచరించెను. అప్పటికి రాక్షసి బల్లులు ఇంకను పుట్టలేదు. భూమిపైనున్న ఖండములు నేటివలె విడిపోక, పాంజియా అను ఒకే మహాఖండముగా కలిసియుండెను. దాని చుట్టునున్న సముద్రములలో ఈ చేపలు దూరదూరముల వరకు వ్యాపించి యుండెను.

అన్నింటికన్న ఎక్కువగా హెలికోప్రియాన్ దొరికిన తావు అమెరికాలోని ఐడహో రాష్ట్రము. ఇంతవరకు దొరికిన శిలాజములలో సగమునకు పైగా అక్కడివే. ఐడహో నేడు సముద్రతీరమునకు దూరమైన కొండల ప్రాంతము. అక్కడ సముద్రపు చేప దొరకుట విచిత్రముగా దోచును. పెర్మియన్ యుగమున ఆ ప్రాంతము సముద్రము క్రింద నుండెను. లోతునుండి పైకి వచ్చు చల్లని నీరు పోషక పదార్థములను మోసికొని వచ్చుచుండుటచే ఆ సముద్రము ప్రాణులతో నిండి యుండెను. తరతరముల ప్రాణుల అవశేషములు అడుగున చేరి, ఫాస్ఫేటు అను ఖనిజముతో నిండిన రాతిపొరలు ఏర్పడెను. ఆ పొరలకు ఫాస్ఫోరియా అని పేరు. పొలములకు వేయు ఎరువుల తయారీకి ఫాస్ఫేటు అవసరము. అందుకై గనులు త్రవ్వినప్పుడు, ఎరువుకొరకు త్రవ్విన రాతిలో ఈ రంపపు చుట్టలు బయటపడుచుండెను.

1950లో ఐడహోలోని మాంట్‌పీలియర్ పట్టణ సమీపమునందలి ఫాస్ఫేటు గనిలో ఒక చుట్ట దొరికెను. దాని వెడల్పు 23 సెంటీమీటర్లు. దానియందు 117 దంతములు కానవచ్చుచుండెను. పరిమాణములో ఇది గొప్పది కాదు. ఇంతకు రెండింతల పైబడి వెడల్పు గల చుట్టలును కలవు. అయినను ఈ రాతిలో ఒక విశేషముండెను. చుట్టకు ఇరుప్రక్కల రాతిలో ఏవో మరకలవంటి, పలకలవంటి భాగములు కలవు. అవి కుళ్లిపోక మిగిలిన మృదులాస్థి. ఏ సాక్ష్యము లేక శాస్త్రజ్ఞులు అర్ధ శతాబ్దము తడవులాడిరో, ఆ సాక్ష్యమే ఈ రాతిలో దాగియుండెను.

డెన్మార్కు దేశీయుడైన స్వెండ్ ఎరిక్ బెండిక్స్-ఆల్మ్‌గ్రీన్ ఈ శిలాజమును పరిశీలించి 1966లో తన వ్యాసమును ప్రకటించెను. చుట్ట ప్రక్కనున్నవి దవడ మృదులాస్థులని ఆయన గుర్తించెను. కనుక చుట్ట ముక్కుపైన గాని, వీపుపైన గాని, తోకపైన గాని లేదనియు, అది క్రింది దవడకు సంబంధించినదే యనియు ఆయన నిర్ణయించెను. ఇది గొప్ప ముందడుగు. కాని దవడలోని ఏ భాగమున అది యుండెను, ఎట్లు ఇమిడెను, ఎట్లు కదలెను అను ప్రశ్నలకు పూర్తి సమాధానము దొరకలేదు. మృదులాస్థులలో పెక్కు భాగము రాతి లోపలనే మరుగుపడి యుండెను. రాతిని పగులగొట్టినచో శిలాజము నశించును. పగులగొట్టనిచో లోపలిది కానరాదు. పెట్టె తాళము తీయుటకు పెట్టెనే కాల్చవలసి వచ్చినట్టి స్థితి అది.

సాక్ష్యము అసంపూర్ణముగా నున్నంతకాలము ఊహలు ఆగవు. దవడ కొనలో చుట్ట క్రిందికి వంగియున్నట్లు కొందరు చిత్రకారులు చిత్రించిరి. 2008లో అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థకు చెందినవారు దానిని నోటి వెనుక, గొంతు దగ్గర ఉంచి చూపిరి. దానికిని కారణము కలదు. హెలికోప్రియాన్ దంతములు అరిగినట్లుగాని విరిగినట్లుగాని అంతగా కానరావు. నోటి ముందు భాగమున నున్న దంతములు గట్టి వస్తువులను కొరికి అరుగవలెను గదా, కావున ఇవి లోపలి తావున నుండెనని వారు భావించిరి.

1950నాటి ఆ రాయి ఐడహోలోని పోకటెల్లో నగరమునందలి ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో భద్రముగా నుండెను. ఐడహో రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చెందిన లీఫ్ టపనిల అను శాస్త్రజ్ఞుడును, ఆ విశ్వవిద్యాలయ విద్యార్థియైన జెస్సీ ప్రూయిట్‌ను, మరికొందరు మిత్రులును కలిసి దానిని క్రొత్త విధానముతో పరీక్షింప నిశ్చయించిరి. ఆ విధానము ఆసుపత్రులలో రోగుల దేహములోపలి భాగములను చూచుటకు ఉపయోగించు సి.టి. స్కాన్ అనునదే. ఉల్లిగడ్డను కత్తితో పలుచని చక్రములుగా కోసి, ఒక్కొక్క చక్రమును చూచినచో లోపలి పొరల అమరిక తెలియును. ఎక్స్-రే కిరణములతో ఈ పనిని కత్తి లేకుండగనే చేయవచ్చును. రాతిగుండ పలు దిక్కులనుండి కిరణములను పంపి, వందలకొలది పలుచని అడ్డుకోతల చిత్రములను తీయుదురు. కంప్యూటరు యంత్రము ఆ చిత్రములను ఒకదానిపై నొకటి పేర్చి, లోపలి వస్తువు యొక్క పూర్తి రూపమును చూపును. రాతికి గీటైనను పడదు.

ఈ పరీక్ష ఫలితములు 2013లో బయాలజీ లెటర్స్ అను పత్రికలో వెలువడెను. రాతి లోపల పై దవడ, క్రింది దవడ రెండును వాని వాని తావులలోనే యుండెను. రంపపు చుట్ట క్రింది దవడ కొననుండి వ్రేలాడుట లేదు, గొంతులోనికి దిగియుండలేదు. అది క్రింది దవడ పొడవునంతటిని ఆక్రమించి, దాని నడిమి భాగమున నిలువుగా నిలిచి యుండెను. దవడ మృదులాస్థులు దానిని ఇరువైపుల పట్టుకొని, ప్రక్కలకు ఒరగకుండ కాపాడుచుండెను. పై దవడలో ఇట్టి చుట్ట వేరొకటి లేదు. నూరేండ్లకు పైబడి దేహమంతటను తిరిగిన రంపము ఇట్లు తన స్వస్థానమునకు చేరెను.

దంతములు ఏల ఊడలేదను సందేహము కూడ దీనితో తీరెను. చుట్టయందలి దంతములన్నియు ఏకకాలమున పనిచేయునవి కావు. చుట్ట పైభాగమున, నోటిలోనికి పొడుచుకొని వచ్చిన కొలది దంతములే పనిచేయుచుండెను. క్రొత్త దంతము దవడ వెనుక భాగమున పుట్టును. అది తనకు ముందున్నవానిని ముందునకు త్రోయును. అట్లు త్రోయబడిన దంతములు దవడ ముందు భాగమునకు చేరి, క్రిందికి వంగి, తుదకు దవడ లోపలికి చుట్టుకొని పోయి మృదులాస్థిలో మరుగుపడును. ఒడలు పెరిగినకొలది క్రొత్తగా పుట్టు దంతము పాతదానికన్న పెద్దదిగా నుండును. కనుక చుట్ట నడుమ నున్న అతి చిన్న దంతము ఆ చేప పిల్లగా నున్నప్పటిది. వెలుపలి పెద్ద దంతము దాని చివరి దినములనాటిది. చెట్టు మ్రానులోని వలయములు చెట్టు పెరుగుదలను తెలుపునట్లు, ఈ చుట్ట ఒక చేప జీవితమును ఆదినుండి అంతమువరకు తనయందు దాచుకొన్నది.

రంపపు చుట్ట యనగానే కలపమిల్లులో గిర్రున తిరుగు చక్రపు రంపము స్ఫురించును. హెలికోప్రియాన్ చుట్ట అట్లు తిరుగలేదు. దవడతోబాటు అది కదలెనే గాని తనంతట తాను తిరుగు శక్తి దానికి లేదు. దాని పనిని తెలిసికొనుటకు చక్రపు రంపముకన్న మన వంటయింటి కత్తిపీటయే మేలైన పోలిక. కత్తిపీటపై అలుగు నిలువుగా నిలిచి యుండును. చేతితో కూరగాయను దానికి ఒత్తినప్పుడు అది తెగును. హెలికోప్రియాన్ నోటిలో నడుమనున్న దంతముల వరుస ఆ అలుగువంటిది. పై దవడ చేతివంటిది. రెండింటి నడుమ చిక్కిన ఆహారము తెగవలసినదే.

దవడ కదలికను లెక్కగట్టి చూచినవారు మరియొక సంగతిని గూడ కనుగొనిరి. నోరు మూసికొనునప్పుడు దంతములు నేరుగా పైకి లేవక, వంపుగా వెనుకకు సాగును. అందుచే ముందునున్న దంతములు ఎరను కొక్కెమువలె తగిలి లోపలికి లాగును. నడిమి దంతములు దానిని గ్రుచ్చి కోయును. వెనుకనున్న దంతములు దానిని గొంతువైపునకు త్రోయును. ఒకే వరుసలోని దంతములు మూడు పనులను పంచుకొనెనన్న మాట.

ఇక దంతములు ఏల అరుగలేదు? గట్టి గుల్లలను పగులగొట్టు చేపలకు మొద్దుబారిన, వెడల్పైన దంతములుండును. హెలికోప్రియాన్ దంతములు సన్ననివి, వాడియైనవి. అవి మెత్తని ఒడలు గల ప్రాణులను కోయుటకు తగినవి. ఆ కాలపు సముద్రములలో నేటి స్క్విడ్ జాతికి బంధువులైన ప్రాణులు విస్తారముగా నుండెను. వానిలో కొన్నింటికి వెలుపల గుల్ల యుండెను. తలయు చేతులును గుల్లనుండి వెలుపలికి చాచి యుండెను. హెలికోప్రియాన్ అట్టి ప్రాణిని పట్టినప్పుడు, గుల్లను కొరుకక, మెత్తని ఒడలును దంతముల కొక్కెములతో బయటికి లాగి తినియుండునని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. గుల్లను కొరుకని దంతమునకు అరుగుదల యెక్కడిది? గొంతులో నుండవలెనని పూర్వులు చెప్పిన కారణము ఇట్లు వేరొక విధముగా సమసిపోయెను.

మరియొక పాత నమ్మకము కూడ ఈ పరీక్షవలన మారెను. ఇంతకాలము హెలికోప్రియాన్‌ను సొరచేప యనియే పెక్కురు వ్యవహరించిరి. పై దవడ పుర్రెతో కలియు తీరును పరీక్షించి చూడగా, అది అసలైన సొరచేపలకన్న కైమీరా అను లోతునీటి చేపలకు దగ్గరి చుట్టమని తేలెను. కైమీరాలును మృదులాస్థి కంకాళము గలవే. సొరచేపలును, కైమీరాలును ఒకే మూలవంశమునుండి చాల పూర్వమే చీలిపోయిన రెండు శాఖలు. నేడు కైమీరాలలో మిగిలినవి కొలది జాతులే. వాని నోటిలో రంపము లేదు, నూరుకొనుటకు తగిన దంతఫలకములు మాత్రమే కలవు. అట్టి నెమ్మదియైన చేపల పూర్వబంధువులలో ఇట్టి భయంకరమైన ఆయుధము గలవాడొకడు ఉండెననుట విశేషమే.

అతి పెద్ద చుట్టలనుబట్టి లెక్కించినచో హెలికోప్రియాన్ సుమారు 25 అడుగుల పొడవు వరకు పెరిగియుండునని అంచనా వేసిరి. దాని పూర్తి దేహము ఏ రాతిలోను ఇంతవరకు దొరకలేదు. నేడు పుస్తకములలో కానవచ్చు చిత్రములందు దవడలు సాక్ష్యమునుబట్టి గీసినవి. ఈతరెక్కలును, తోకయు దాని బంధువులను చూచి గీసినవి. ఒకే చిత్రములో తెలిసినదియు, ఊహించినదియు ప్రక్కప్రక్కనే యుండును. ఏది తెలిసినది, ఏది ఊహించినది అని వేరుచేసి చెప్పగలుగుటయే శాస్త్రజ్ఞుని నిజాయితీ.

ఈ కథలో కార్పిన్స్కీ ఓడిపోయెనా? చుట్టను ఆయన ఉంచిన తావు తప్పు. కాని ఆయన ఒక్కొక్క దంతమును శ్రద్ధతో చూచి వ్రాసిన వర్ణన తప్పు కాలేదు. అది చేప యనియు, అవి దంతములనియు, అవి ఊడక ఒకే చుట్టలో నిలిచెననియు ఆయన చెప్పినవి నేటికిని నిలిచియున్నవి. ఆయన పెట్టిన పేరే నేటికిని వాడుకలో నున్నది. తన ఊహను ఇతరులు ప్రశ్నించినప్పుడు ఆయన కోపింపక, దానిని విడిచి మరియొకదానిని యోచించెను. ఆయన తరువాత వచ్చినవారు ఆయన వర్ణనపై నిలిచియే ఆయన ఊహను సవరించిరి. పొరపాటు పడుట విద్యకు అవమానము కాదు. పొరపాటును పట్టుకొని విడువకుండుటయే అవమానము.

1950లో గనినుండి వెలువడిన రాయియు, 1966లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు చూచిన రాయియు, 2013లో చిక్కు విడదీసిన రాయియు వేరువేరు కావు, అది ఒక్కటే. సమాధానము మొదటినుండియు దానిలోనే యుండెను. చూచువారి కన్నులును, చూచు సాధనములును ఎదుగువరకు అది వేచియుండెను. దానిని తొందరపడి ఎవ్వరును పగులగొట్టకుండుటయు, పనికిరాదని పారవేయకుండుటయు మనకు జరిగిన మేలు. ఇరువదియేడు కోట్ల సంవత్సరములకు పైగా రాతిలో నిద్రించిన ఆ రంపము, తనను ఓర్పుతో కాపాడినవారికే తన రహస్యమును తెలిపినది.